పట్టుపురుగు నెత్తురు చెప్పిన సంగతులు

పట్టుపురుగు నెత్తురు ఎర్రగా ఉండదు. మన వైపు పెంచే పసుపుగూళ్ళ పురుగుదైతే లేత పసుపు రంగులో, పలుచగా కలిపిన పసుపు నీళ్ళలా ఉంటుంది. దాని కాలు చివర చిన్నగా కత్తిరిస్తే ఒక చుక్క వస్తుంది. ఆ చుక్కను గాజు పలక మీద వేసి, నోటుబుక్కులో తేదీ రాసుకొని మళ్ళీ చూసేసరికి అంచులు మాసినట్టు అవుతాయి. ఇంకొంతసేపటికి గోధుమరంగు, ఆపైన కాటుక నలుపు. ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం ప్రాజెక్టులో మా పని మొదలైంది ఈ నలుపుతోనే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, ప్రతి ఏడూ వచ్చే "కష్టే ఫలి" వ్యాసం కాకుండా ఈ నలుపు సంగతి రాద్దామనిపించింది. తమ్ముళ్ళు విసుక్కోకుండా చదవాలని మనవి.

ముందుగా ఒక మాట. ఇందులో అంతటా "మేము" అనే ఉంటుంది. రాస్తున్నది ఒక్కరే అయినా ప్రాజెక్టు చేసింది ఇద్దరం. ఇద్దరమూ ఈ హాస్టల్లో ఆరో తరగతి నుండి పక్కపక్కన చాపలు పరుచుకున్నవాళ్ళం. పైగా పళ్ళెం, గ్లాసు తప్ప "నాది" అనే మాటకు ఇక్కడ పనేముంది? అందుకే "నేను" అని రాయబోతే చెయ్యి ముందుకు సాగలేదు.

మాది హిందూపురం వైపు ఒక పల్లె. గుత్తకు తీసుకున్న మల్బరీ తోట, రేకుల షెడ్డు, అందులో పట్టుపురుగులు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. కానీ పురుగుల చదువులో మా అమ్మ మాకంటే చాలా పెద్ద. పట్టుపురుగు తన జీవితంలో నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మా వాళ్ళు "జ్వరానికి కూర్చుంది" అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. ఏ తట్టలో పురుగులు ఎప్పుడు జ్వరానికి కూర్చుంటాయో, ఎప్పుడు లేస్తాయో అమ్మ షెడ్డులోకి అడుగు పెడుతూనే చెప్పేస్తుంది. నాలుగో జ్వరం నుండి లేచాయంటే ఇక రాత్రీ పగలూ ఆకు కోసి వెయ్యడమే పని. అప్పుడు షెడ్డులో వాన పడుతున్న చప్పుడు వస్తుంది. అదంతా అవి ఆకు నమిలే శబ్దం.

మేము ఎమ్మెస్సీలో చేరిన ఏడాది వేసవిలో ఆ చప్పుడు ఆగిపోయింది. నాలుగో జ్వరం దాటి నాలుగైదు రోజులయింది. అప్పు చేసి కొన్న ఆకు కూడా అయిపోయింది. పురుగులు మేత మానాయి. ఒళ్ళు మెత్తబడింది. నోట్లోంచి నీళ్ళు కక్కాయి. మర్నాటికి నల్లబడి వాసన కొట్టాయి. పుస్తకంలో దీని పేరు ఫ్లాచరీ. పురుగు పేగులో బాక్టీరియా పెరిగిపోతే వస్తుంది, ఒక్కోసారి వైరస్ కూడా తోడవుతుంది. ఎండ ఎక్కువైనా, గాలి ఆడకపోయినా, తడి ఆకు, పులిసిన ఆకు వేసినా దానికి దారి ఇచ్చినట్టే. మందు లేదు. నాయన వాటిని గంపలకెత్తి, దూరంగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాడు. గూళ్ళు అమ్మిన డబ్బుతో తీర్చాల్సిన అప్పు మాత్రం అట్లే ఉంది.

మేడమ్ ప్రాజెక్టు అంశాలు చదివి వినిపించినప్పుడు అందులో ఒకటి, బాక్టీరియా పదార్థాలకు పట్టుపురుగు రక్తకణాలు ఎలా స్పందిస్తాయి అన్నది. తక్కిన వాళ్ళు చేపల మీద, వానపాముల మీద చేయి ఎత్తారు. మేము ఇద్దరం దీని మీద ఎత్తాం. ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతికి వస్తాం. పురుగుకు మనలా నరాల్లో పారే రక్తం ఉండదు. ఒళ్ళంతా ఒక సంచి, ఆ సంచి నిండా ఈ పసుపు ద్రవం, అందులో పేగు, కొవ్వు, పట్టు తీసే గ్రంథులు మునిగి ఉంటాయి. ద్రవంలో కణాలు తిరుగుతుంటాయి. పట్టుపురుగులో అవి ఐదు రకాలు. అన్నీ చెప్పి విసిగించం గానీ మూడింటి పేర్లు గుర్తు పెట్టుకోండి. గ్రాన్యులోసైట్లు, ప్లాస్మాటోసైట్లు అనేవి బాక్టీరియాను చుట్టి మింగుతాయి. ఈనోసైటాయిడ్లు మింగవు. వాటి దగ్గర నలుపు సరుకు ఉంటుంది. సమయం వచ్చినప్పుడు అవి పగిలి ఆ సరుకును ద్రవంలోకి వదులుతాయి.

ఆ సరుకు ఏమిటో వంటింట్లో చూడవచ్చు. కోసిన వంకాయ ముక్క నల్లబడుతుంది కదా, అందుకే అమ్మ ఉప్పునీళ్ళలో వేస్తుంది. వంకాయలో రాగి ఉన్న ఒక ఎంజైము గాలి తగిలినప్పుడు రసాయనాన్ని మార్చి నలుపు చేస్తుంది. పురుగు నెత్తురులోనూ రాగి ఉన్న ఎంజైమే, దాదాపు అదే పని. ఒకే ఒక్క తేడా. పురుగులో అది తాళం వేసి ఉంటుంది. తాళం తీసేది గాయం, లేదా శత్రువు. తాళం తీయగానే శత్రువు చుట్టూ మెలనిన్ అనే నల్లపదార్థం గట్టిపడుతుంది. నలుపు తయారయ్యే దారిలో పుట్టే రసాయనాలు బాక్టీరియాకు విషం. మా లాబ్‌లో కణాలను లెక్కపెట్టాలంటే ముందు ఈ నలుపును ఆపాలి. అందుకు ఫినైల్ థయోయూరియా అనే పొడిని చిటికెడులో చిటికెడు కలుపుతాం.

మా పద్ధతి సులువే. నాలుగో జ్వరం నుండి లేచిన మూడో రోజు పురుగులు తీసుకున్నాం. మంచుగడ్డల మీద కాసేపు ఉంచితే కదలవు. ఒక గుంపుకు ఉత్త ఉప్పునీళ్ళు, ఇంకో గుంపుకు ఉడకబెట్టి చంపిన ఈ.కోలై బాక్టీరియా, మూడో గుంపుకు అట్లే చంపిన బాసిల్లస్, సన్నని సూదితో ఎక్కించాం. సూది గుచ్చిన చోట నల్లమచ్చ మూడు గుంపుల్లోనూ వచ్చింది. అది గాయం మాన్పుకోవడం. కానీ మర్నాడు కోసి చూస్తే, బాక్టీరియా ఎక్కించిన పురుగుల్లో పేగు మీద, కొవ్వు మీద నువ్వుగింజ కంటే చిన్న నల్లచుక్కలు. రక్తకణాలు బాక్టీరియా చుట్టూ పొరలు పొరలుగా గుమిగూడి, ముద్దకట్టి, నల్లబడిన గుళికలవి. అన్ని కణాలు అక్కడ ఇరుక్కోవడంతో ద్రవంలో తిరిగే కణాల లెక్క కొన్ని గంటలపాటు పడిపోతుంది, తర్వాత మళ్ళీ పెరుగుతుంది. పుస్తకాల్లో చదివిన ఈ పడిపోవడం, పెరగడం మా లెక్కల్లో కూడా కనబడిన రోజు మేము మెస్‌లో రెండోసారి చారు పోయించుకున్నాం.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాం. అమ్మ ఆకు తరుగుతూ వింటోంది. "ఉడకేసినాక అది చచ్చి ఉంటాది కదా. చచ్చినదాని మీద ఎందుకు ఎగబడినాయి?" అని అడిగింది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూడా మమ్మల్ని ఇంత మంచి ప్రశ్న అడగలేదు. ఈ అంశం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

బాక్టీరియా బతికి ఉందా, చచ్చిందా అని పురుగు చూడదు. దాని గోడ చూస్తుంది. బాక్టీరియాకు ఒంటి చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే గోడ ఉంటుంది. రెండు రకాల చక్కెరలు ఒకటి విడిచి ఒకటి పేర్చిన పొడుగు దారాలు, ఆ దారాలను పొట్టి పొట్టి అమైనో ఆమ్లాల ముక్కలతో అడ్డంగా ముడివేసిన అల్లిక. నులకమంచం అల్లినట్టే అనుకోండి. ఈ అల్లిక బాక్టీరియా తప్ప పురుగు గానీ, మనిషి గానీ చెయ్యలేరు. కాబట్టి ఒంట్లో ఎక్కడైనా ఆ నులక ముక్క కనబడిందంటే బయటివాడు వచ్చినట్టే. ఉడికించినా అల్లిక అంత తొందరగా చెడదు. అందుకే చచ్చిన బాక్టీరియాకు కూడా అంత హడావిడి.

ఆ ముక్కను గుర్తుపట్టేది ఎవరు? 1996లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో అషిదా బృందం పట్టుపురుగు నెత్తురు నుండే ఒక ప్రొటీన్‌ను వేరుచేసింది. పెప్టిడోగ్లైకాన్‌ను పట్టుకొని, నలుపు తాళం తీసే వరుసను మొదలుపెట్టేది అదే. తర్వాత రెండేళ్ళకే, 1998లో, అలాంటి ప్రొటీన్లు ఎలుకలోనూ మనిషిలోనూ ఉన్నాయని తేలింది. మనిషిలో నాలుగు రకాలు. పట్టుపురుగు నెత్తురుతో బాక్టీరియా, బూజుల గోడముక్కలను పసిగట్టే పరీక్ష ద్రవాన్ని కూడా జపాన్ వాళ్ళు తయారుచేశారు. నమూనాలో గోడముక్క ఉంటే అది నల్లబడుతుంది. మేము గాజు పలక మీద చూసిన ఆ నలుపే! ఇది చదివిన రోజు లైబ్రరీలో ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా అమ్మ చేతుల మీద పాకే పురుగు ఇంత దూరం వెళ్ళిందా అని.

అసలు ఈ పురుగుకు సైన్సులో పాత పేరుంది. సున్నపుకట్టు రోగం ఒక బూజు వల్ల వస్తుందని ఇటలీలో అగోస్టినో బస్సీ 1835లో చూపించాడు. ఒక సూక్ష్మజీవి జంతువుకు రోగం తెస్తుందని రుజువు చేసిన మొదటివాళ్ళలో ఆయన ఒకరు. ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ 1865 నుండి కొన్నేళ్ళు పట్టుపురుగుల రోగాల మీదే కూర్చున్నాడు. మన ఇళ్ళలో పంట పోగొట్టే ఫ్లాచరీని పెబ్రిన్ నుండి వేరుచేసి చెప్పింది ఆయనే. రేబిస్ టీకా ఆయన తర్వాత చేశాడు, ముందు పురుగులే. మన టెన్త్ పుస్తకంలో ఈ వరస ఎందుకు చెప్పరో తెలియదు.

ఈగల దగ్గరికి వస్తే కథ ఇంకా ముదురుతుంది. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ, డ్రోసోఫిలా. దాని పిండంలో ఒక జన్యువు చెడితే పిల్ల వంకరగా తయారవుతుంది. ఆ జన్యువుకు జర్మనీలో "టోల్" అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో "భలే" అనే అర్థం, మన హైవే టోల్‌గేటుకు సంబంధం లేదు. 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం ఇదే జన్యువు చెడిన పెద్ద ఈగలకు బూజు అంటించి చూస్తే అవి తట్టుకోలేక చచ్చాయి. ఒళ్ళంతా బూజు మొలిచిన ఆ ఈగ ఫొటో చూస్తే ఎవరూ మరిచిపోరు. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎలుకలో టోల్‌కు చుట్టమైన జన్యువే ఎల్‌పిఎస్‌ను గుర్తుపడుతుందని తేల్చింది. వాళ్ళిద్దరికీ, రాల్ఫ్ స్టైన్‌మన్‌కూ కలిపి 2011లో నోబెల్ వచ్చింది. ప్రకటనకు మూడు రోజుల ముందే స్టైన్‌మన్ చనిపోయాడు.

ఎల్‌పిఎస్ అంటే ఈ.కోలై లాంటి బాక్టీరియా బయటిపొరలో ఉండే కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం. మనిషికి రక్తంలో ఇది ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. చాలాకాలం ఈగ కూడా దీన్నే చూసి రెచ్చిపోతుందని అనుకున్నారు. సీసాలో అమ్మే ఎల్‌పిఎస్ ఎక్కిస్తే ఈగ కణాలు నిజంగానే స్పందించేవి. 2003, 2004లో కొందరు దాన్ని మళ్ళీ మళ్ళీ శుద్ధి చేసి ఇస్తే ఈగ ఉలకలేదు పలకలేదు. ఇంతకాలం ఈగను లేపింది సీసాలో కలిసిపోయి ఉన్న పెప్టిడోగ్లైకాన్ ముక్కలట! అంతేకాదు, గోడలో మూడో స్థానంలో ఉండేది లైసీనా, డిఎపి అనే దాని అన్నదమ్ముడా అన్నది కూడా ఈగ చూస్తుంది. రెండింటికీ తేడా ఒక్క కార్బాక్సిల్ గుంపు. లైసీన్ ఉంటే టోల్ దారి, డిఎపి ఉంటే ఇంకో దారి. ఏ దారిలో కబురు వెళ్తే ఆ రకం మందు ప్రొటీన్లు తయారవుతాయి. పట్టుపురుగు మాత్రం అచ్చంగా ఈగ కాదు. దాని నెత్తురులో ఎల్‌పిఎస్‌ను అంటుకొని కణాలను గుమిగూడేటట్లు చేసే ప్రొటీన్ కూడా ఉంది. అందుకే మేడమ్ "ఈగలో చదివింది పురుగుకు రాసెయ్యకండి" అని మా రికార్డులో రెండు చోట్ల ఎర్రసిరాతో గీత పెట్టారు.

ఇవన్నీ మాకు వచ్చినంతలో అమ్మకు నులకమంచం చూపించి చెప్పాం. విని, "అయితే మన పిల్లోళ్ళకు ఏసినట్ల పురుగులకూ ఒక టీకా ఏస్తే పోదా నాయనా?" అంది.

ఇక్కడ కొంచెం గొంతు తడబడింది. టీకా పనిచేసేది గుర్తుంచుకునే కణాల వల్ల, యాంటీబాడీల వల్ల. పురుగుకు యాంటీబాడీలు లేవు. చచ్చిన బాక్టీరియా ఎక్కించిన పురుగు కొన్ని రోజులు గట్టిగానే ఉంటుంది. ఎందుకంటే దాని కొవ్వు కణాలు బాక్టీరియాను చంపే చిన్న ప్రొటీన్లు తయారుచేసి నెత్తురులోకి వదులుతాయి. ఇలాంటివాటిని మొదట స్వీడన్‌లో హాన్స్ బోమన్ బృందం ఒక పెద్ద పట్టుచిలుక ప్యూపా నుండి తీసి 1981లో ప్రకటించింది. సెక్రోపిన్ అని పేరు. మన పట్టుపురుగు కూడా సెక్రోపిన్లు చేస్తుంది, మోరిసిన్ అని ఇంకొకటి కూడా. కానీ అవి కొన్నాళ్ళకు తగ్గిపోతాయి. 2007లో ఈగల్లో ఒక రకం బాక్టీరియాను చంపి ఎక్కిస్తే తర్వాత అదే బాక్టీరియా నుండి రక్షణ దొరికిందనీ, అది మింగే కణాల వల్లేననీ చూపించారు. అయితే అన్ని బాక్టీరియాలకూ అది కుదరలేదు.

ఇంత చెప్పి, "పైగా వంద గుడ్లకు నలభై, యాభై వేల పురుగులు. ఒక్కోదానికీ సూది ఎవరు వేస్తారమ్మా?" అన్నాం. అమ్మ నవ్వలేదు. "ఏసేవాళ్ళం ఉండాము. ఏసేది ఏదో మీరు చెప్పండి" అంది.

ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర రాలేదు. నాయనకు మేము బి.ఎడ్. చేసి డిఎస్సీ రాయాలని ఉంది. ఆయన లెక్క తప్పు కాదు. పూడ్చిన పంట అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది. ఇంట్లో చెల్లెలు ఇంటర్ చదువుతోంది. పురుగు నెత్తురు చూస్తే ఏమొస్తుంది అని ఊళ్ళో అడిగినవాళ్ళకు చెప్పడానికి మా దగ్గర జీతం అంకె లేదు. ఇద్దరం నెట్ పరీక్షకు కట్టాం. ఫెలోషిప్ వస్తే నెలనెలా ఇంటికి పంపవచ్చు. రాకపోతే ఒకరం బి.ఎడ్.కు వెళ్ళాలనీ, ఇంకొకరం మళ్ళీ రాయాలనీ మాట్లాడుకున్నాం. ఎవరు ఏది అన్నది ఇంకా తేల్చుకోలేదు. అడిగితే ఇద్దరమూ "నువ్వు రాయి" అంటాం.

అమ్మకు చెప్పగలిగింది ఒకటి మాత్రం ఉంది. పురుగు ఒంట్లో ఈ సైన్యమంతా ఉన్నా అది ఊరికే రాదు. కణాలు, ప్రొటీన్లు అన్నీ మేసిన ఆకు నుండే రావాలి. పట్టు కూడా ఆ ఆకు నుండే రావాలి. పేగులో బాక్టీరియా ఎంత తక్కువగా పడితే అంత మంచిది. కాబట్టి తట్టలు, షెడ్డు బ్లీచింగ్‌తో కడగడం, చచ్చిన పురుగును వెంటనే ఏరడం, పడకలో సున్నం చల్లడం, మధ్యాహ్నం వేళ తడిగోనెలు కట్టి షెడ్డు చల్లగా ఉంచడం, వీటికి మించిన టీకా ఇప్పటికైతే లేదు. "ఇది మాకు తెలిసిందే కదా" అంది అమ్మ. నిజమే. ఎందుకు అన్నది ఒక్కటే మేము కలిపాం.

అప్పుడే ఇంకో ప్రశ్న వేసింది. "మీరు లేచినాక మూడో దినం పురుగునే చూసినారు. జ్వరానికి కూర్చున్నదాని నెత్తురు ఎట్లుంటాది? అప్పుడే కదా అది అన్నిటికంటే మెత్తగా ఉండేది." చర్మం విడిచే వేళ కణాల లెక్క మారుతుందని పుస్తకాల్లో చదివాం. కానీ మా ఊరి షెడ్డులో, మా ఊరి ఎండలో, మా అమ్మ చూపించిన తట్టలోని పురుగును చూడటం వేరు.

వచ్చే పంట చాకీ పురుగులు ఉగాది తర్వాత ఇంటికి వస్తాయి. మేడమ్ పాత మైక్రోస్కోపు ఒకటి నెల రోజులకు ఇస్తామన్నారు. కణాలు లెక్కపెట్టే గాజు పలక మా దగ్గరే ఉంది. నాలుగో జ్వరం వేసవి సెలవుల్లో పడేటట్టు చూసుకుంటున్నాం. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళు ఎవరైనా చూడాలనుకుంటే హిందూపురంలో బస్సు దిగి మాకు ఫోను చెయ్యండి. వచ్చేటప్పుడు థర్మాస్‌లో మంచుగడ్డలు పట్టుకు రండి, మా ఊళ్ళో మధ్యాహ్నం కరెంటు ఉండదు.